ఊళ్ళో ఒక మాట చెప్పి పోండి

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్నాక మమ్మల్ని ఒక కోరిక కోరింది. చీరా కాదు, నగా కాదు. "నాన్నా, ఒక ఆదివారం అందరం కలిసి అడవిలో నడుద్దాం. కొండెక్కుదాం" అంది. మా ఆవిడ వంటింట్లోంచే, "కురంగణి మర్చిపోయావా? ఆ కబుర్లు మనింట్లో వద్దు" అనేసింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. నా మౌనానికి కారణం కురంగణి ఒక్కటే కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి పాత బాకీ ఒకటి ఉంది. ముందు ఆ సంగతి మనవి చేసుకుని తర్వాత మా ప్రయాణం గురించి చెబుతాను.

1997 జనవరి నెల. మద్రాసు పేరు చెన్నైగా మారి అప్పటికి కొన్ని నెలలే. ప్యారీస్ దగ్గర మా బ్యాంకు శాఖలో పెళ్ళికాని కుర్రాళ్ళం, కొత్తగా పెళ్ళయినవాళ్ళం కలిసి ఏడుగురం ఉండేవాళ్ళం. ఎవరో తడ దగ్గర ఉబ్బలమడుగు జలపాతం గురించి చెప్పారు. అంతే, ఒక ఆదివారం తెల్లవారుజామున గూడూరు వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి తడలో దిగి, బస్సులో వరదయ్యపాలెం చేరి, అక్కణ్ణించి దొరికిన బండి పట్టుకుని అడవి అంచుకు వెళ్ళాం. దారిలో ఒక ఊరు వచ్చింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూశారు. మేము పాటలు పాడుకుంటూ వాళ్ళను దాటి పోయాం. ఎక్కడికి వెళ్తున్నామో, ఎంతమందిమో, ఎప్పుడు వస్తామో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు.

మధ్యాహ్నం మూడింటికి మాలో ఒకడు నాచు పట్టిన బండ మీద జారాడు. మడమ పైన ఎముక విరిగింది. అప్పట్లో మా దగ్గర సెల్‌ఫోన్లు లేవు. వాణ్ణి మోసుకుని రాళ్ళలో నూరు గజాలు నడిచేసరికే మా పని అయిపోయింది. చీకటి పడుతూ ఉండగా, పశువులను తోలుకుపోతున్న ఇద్దరు మా కేకలు విన్నారు. ఒకాయన మా దగ్గర కూర్చున్నాడు, ఇంకొకాయన ఊళ్ళోకి పరుగెత్తాడు. గంటన్నర తర్వాత లాంతర్లతో పదిమంది వచ్చారు. వాళ్ళతో ఒక నులకమంచం. ఆ మంచం మీద మావాణ్ణి ఊళ్ళోకి మోసుకొచ్చారు. ఒక ముసలమ్మ మా అందరికీ చెంబుతో మజ్జిగ పోసింది. ఎవరిదో ట్రాక్టరు కట్టించి ఆస్పత్రికి పంపించారు.

జేబులో ఉన్న డబ్బంతా తీసి ఇవ్వబోయాం. ముందు మా దగ్గర కూర్చున్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "దుడ్డు మాకెందుకు సామీ? ఈ తూరి వచ్చేటప్పుడు ఊళ్ళో ఒక మాట చెప్పి పోండి. చెప్పినారంటే మేమూ చూసుకుంటాం గదా" అన్నాడు.

తర్వాత ఒకసారి వెళ్ళి వాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలని అందరం అనుకున్నాం. మావాడి కాలు బాగుపడింది. బదిలీలొచ్చాయి, పిల్లలు పుట్టారు. ఎవరం వెళ్ళలేదు. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు ఇతరుల మొండి బాకీల గురించి నోటీసులు రాసినవాణ్ణి, నా బాకీ గురించి నాకు నేను ఒక్క నోటీసు కూడా రాసుకోలేదు!

ఇక కురంగణి. 2018 మార్చి 11న తేని జిల్లాలోని కురంగణి కొండల్లో కార్చిచ్చు చెలరేగి, కొండదారిలో నడుస్తున్న యాత్రికులను చుట్టుముట్టింది. ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది వయసులో ఉన్న ఆడపిల్లలు, ఉద్యోగస్తులు. చెన్నై నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆ వారమంతా మన నగరంలో కూతుళ్ళున్న ఏ ఇంట్లోనూ ముద్ద సరిగా దిగలేదు. మంటల కాలంలో ఎవరు ఎవర్ని లోపలికి పంపారు, ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న ప్రశ్నలు లేచాయి. ఆ సంవత్సరమే తమిళనాడు ప్రభుత్వం అడవుల్లో నడక యాత్రలకు నియమావళి తెచ్చింది.

అడవికి తాళం వెయ్యడం తేలిక. కానీ తాళం వేసినంత మాత్రాన కుర్రకారు ఆగుతారా? మేము ఆగామా? నియమం కఠినమయ్యేకొద్దీ దొంగదారిన వెళ్ళేవాళ్ళు పెరుగుతారని రుణాల విభాగంలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. సరైన దారి ఒకటి తెరిచిపెడితేనే దొడ్డిదారి మూతపడుతుంది. ఆ సరైన దారి 2024 అక్టోబరులో తెరుచుకుంది. 'ట్రెక్ తమిళనాడు' అనే పేరుతో, 14 జిల్లాల్లో 40 అటవీ దారులను ప్రజల కోసం ఏర్పాటు చేశారు. అటవీశాఖ కింద ఉన్న తమిళనాడు వైల్డర్‌నెస్ ఎక్స్‌పీరియెన్సెస్ కార్పొరేషన్ దీన్ని నడుపుతోంది. దారులను తేలిక, మధ్యస్థం, కష్టం అని మూడు తరగతులు చేశారు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, మనకు దారి చూపేవాళ్ళు నగరం నుంచి వచ్చిన నిపుణులు కారు. ఆయా అడవుల పక్కన పుట్టి పెరిగిన గిరిజన, గ్రామీణ యువతీయువకులకే శిక్షణ ఇచ్చి ఆ పని అప్పజెప్పారు. యాత్రికుల రుసుములో నుంచి వాళ్ళకు రాబడి.

మా అమ్మాయి ఈ వివరాలన్నీ కాగితం మీద రాసి వాళ్ళమ్మ ముందు పెట్టింది. "ముందుగా పేర్లిచ్చి నమోదు చేసుకోవాలమ్మా. గైడు లేకుండా పంపరు. మంటల కాలం వస్తే దారులే మూసేస్తారు" అంది. (అన్నట్టే 2025లో ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు దారులు మూసివేశారు.) మా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, "అయితే నేనూ వస్తాను. మిమ్మల్నిద్దర్నీ నమ్మి పంపను" అంది. అలా 2025 సంక్రాంతి వెళ్ళాక మా ముగ్గురి ప్రయాణం ఖాయమైంది. తేలిక తరగతిలో, చెన్నైకి దగ్గరగా ఉన్న దారి ఎంచుకున్నాం. అది తిరువళ్ళూరు జిల్లాలోని గుడియం గుహల దారి.

తెల్లవారకముందే పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. తిరువళ్ళూరు దాటి పూండి చేరేసరికి ఎండ పొడ వచ్చింది. కొసస్తలై నదికి అడ్డంగా 1944లో కట్టిన పూండి జలాశయం ఎడమవైపు తళతళలాడుతోంది. మన తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1983లో ఎన్.టి. రామారావు గారు, ఎం.జి. రామచంద్రన్ గారు ముఖ్యమంత్రులుగా ఉండగా కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం, కండలేరు నుంచి కాలువలో వచ్చే కృష్ణ నీళ్ళు చేరేది ఈ పూండికే. 1996లో ఆ నీళ్ళు మొదటిసారి తమిళనాడు గడ్డ మీదికి వచ్చాయి. చెన్నైలో మన కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో మన నది పాలు కూడా ఉందన్నమాట. మా ఆవిడ చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది.

అడవి మొదట్లో మా గైడు ఎదురొచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. మా గుర్తింపు కార్డులు చూసి, పేర్లు సరిచూసుకుని, నీళ్ళు ఎంత తెచ్చుకున్నామో అడిగాడు. మేము తమిళంలో మాట్లాడుతుంటే, మా ఆవిడ నాతో అన్న తెలుగు మాట విని నవ్వి, "మా అమ్మమ్మగారిది నాగలాపురం పక్కన సార్. నాకూ తెలుగొస్తుంది" అన్నాడు. ఆ సరిహద్దు పల్లెల్లో తెలుగూ తమిళమూ ఒకే ముంతలో పాలూ నీళ్ళూ. ఇంక దారి పొడుగునా మాకు తెలుగులోనే వ్యాఖ్యానం!

అది పెద్ద అడవి కాదు. పొదలు, ముళ్ళకంపలు, ఎర్రమట్టి, ఎటు చూసినా గుండ్రాళ్ళు. మా గైడు చేతిలో ఉన్న చిన్న కర్రతో ఆ రాళ్ళను చూపిస్తూ నడిచాడు. ఈ ప్రాంతం రాళ్ళ చరిత్ర పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు మన పల్లావరంలో ఆదిమానవుడి రాతి పనిముట్టు దొరికింది. అదే సంవత్సరం ఆయనా, ఆయన సహచరుడు విలియం కింగూ ఈ పూండికి దగ్గరలోనే ఉన్న అత్తిరంపాక్కంలో మరెన్నో రాతి గొడ్డళ్ళు కనుక్కున్నారు. భారతదేశపు ఆదిమ చరిత్ర అధ్యయనానికి అదే మొదలు. అత్తిరంపాక్కంలో జరిపిన తవ్వకాల ఆధారంగా, అక్కడ మనుషులు దాదాపు 15 లక్షల సంవత్సరాల క్రితమే పనిముట్లు చేసుకున్నారని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. గుడియంలో 1960ల్లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది.

గుహ అంటే చీకటి బిలం అనుకున్నాం. కాదు. కొండ ముందుకు వంగి, ఏనుగు నోరు తెరిచినట్టు పెద్ద రాతి చూరు. దాని ఒళ్ళంతా గులకరాళ్ళు పొదిగినట్టు ఉంది. లోపల అమ్మవారి చిన్న గుడి. పైన తేనెపట్టులు వేలాడుతున్నాయి. "మెల్లగా మాట్లాడండమ్మా, వాటికి నిద్రాభంగం కాకూడదు" అన్నాడు గైడు. మా ఆవిడ అమ్మవారికి కుంకుమ పెట్టి, ఆ చల్లని నీడలో కూర్చుని, "పదిహేను లక్షల ఏళ్ళ క్రితం కూడా ఏ తల్లో ఇక్కడ కూర్చుని పిల్లల్ని పొదల్లోకి పోవద్దని కేకలేసి ఉంటుంది" అంది. మా అమ్మాయి నవ్వింది కానీ నాకు ఆ మాట నిజమే అనిపించింది.

పెరుగన్నం తింటూ నేను మా గైడుని అడిగాను, "బాబూ, ఎవరైనా మీకు చెప్పకుండా అడవిలోకి వస్తే?" అని. "అదే భయం సార్. వచ్చినట్టు తెలియకపోతే, తిరిగి రాలేదని కూడా తెలియదు గదా. మీ పేర్లు నా దగ్గరున్నాయి. సాయంత్రానికి మూడు తలకాయలు లెక్కకు రాకపోతే నేనే వెతుక్కుంటూ వస్తాను" అన్నాడు.

నాకు గొంతులో ముద్ద అడ్డం పడింది. ఇది ఇరవై ఎనిమిదేళ్ళ నాటి ఆ పశువుల కాపరి మాటే. ఊళ్ళో ఒక మాట చెప్పి పోండి. ఆన్‌లైను నమోదు, గుర్తింపు కార్డు, గైడు, రుసుము, రశీదు, ఇవన్నీ ఎంత పెద్ద ఏర్పాట్లుగా కనబడినా, ఊరివాళ్ళకు ఒక మాట చెప్పడం అనే పనికి ప్రభుత్వం వేసిన అంగీ మాత్రమే.

వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి కనుక తిరుగు ప్రయాణంలో మనసులోనే ఒక పద్దు రాసుకున్నాను. దారులు నిర్ణయించి, మంటలూ మృగాల సంగతి చూసుకునే బాధ్యత అటవీశాఖది. బుకింగులు, డబ్బు లెక్కలు కార్పొరేషనువి. దారీ, వాతావరణం, ఎక్కడ కాలు పెట్టాలి ఎక్కడ పెట్టకూడదు అన్న జ్ఞానం ఊరివాళ్ళది. మాట వినడం, చెత్త వెనక్కి తెచ్చుకోవడం యాత్రికులది. పెద్ద రుణానికి నాలుగు బ్యాంకులు కలిసినప్పుడు ఏ ఒక్కటి తన వాటా ఇవ్వకపోయినా ఫ్యాక్టరీ లేవదు. ఇదీ అంతే. అందరిలోకీ ముఖ్యమైన పూచీదారు మాత్రం ఊరే. ఊరికి లాభం లేని చోట ఊరు పూచీ పడదు. లాభం అంటే డబ్బే కానక్కరలేదు, గౌరవం కూడా.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. చెన్నై నుంచి పిల్లలను తీసుకుని మనమందరం వెళ్ళే వేడంతాంగల్ పక్షుల చెరువే చూడండి. తెల్లదొరల సైనికులు పక్షులను కాలుస్తుంటే ఊరివాళ్ళు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నారు. 1798 ప్రాంతంలో ఆయన పక్షులకు రక్షణ కల్పిస్తూ పత్రం రాసిచ్చాడు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు. అందుకని ఆ ఊరివాళ్ళు దీపావళికి టపాకాయలు కూడా కాల్చరు. ప్రభుత్వం పత్రం ఇచ్చింది, కాపలా కాసింది మాత్రం ఊరు. రెండువందల ఏళ్ళు దాటినా ఆ ఒప్పందం చెల్లుతోంది.

మన వైపుకొస్తే సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు ఉంది. 1976లో పక్షుల అభయారణ్యమైంది. పెలికాన్లు, అంటే మన గూడబాతులు, అక్కడ గూళ్ళు కట్టుకుంటాయి. అవి ముందే వస్తే వానలు బాగా పడతాయని అక్కడి రైతుల నమ్మకం. 2001 నుంచి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైంది. 2020 తర్వాత ఆగిపోయి, 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. జిల్లా యంత్రాంగం, అటవీశాఖ, పర్యాటకశాఖ ఒకచోట కూర్చుంటే, పులికాట్ పడవలవాళ్ళకూ పూటకూళ్ళవాళ్ళకూ నాలుగు రోజులు చేతినిండా పని. నెరబైలు దగ్గర తలకోనలోనూ వనసంరక్షణ సమితి పేరున ఊరివాళ్ళకే యాత్రికుల వసతి చూసుకునే బాధ్యత అప్పజెప్పిన అనుభవం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల్లో మొదలైన ఈ సమితుల ఉద్దేశం ఒకటే. అడవిని కాపాడినవాడికే అడవి వల్ల వచ్చేదాంట్లో వాటా ఉండాలని.

గుడియం నుంచి వచ్చిన నెలరోజులకు మా అమ్మాయి, "నాన్నా, ఆ నులకమంచం ఊరికి కూడా వెళ్దాం" అంది. ఈసారి మా ఆవిడ అడ్డు చెప్పలేదు. వరదయ్యపాలెం మీదుగా కారులో వెళ్ళాం. దారి మారిపోయింది. జలపాతానికి వెళ్ళేవాళ్ళను ఇప్పుడు అటవీశాఖవారు రుసుము తీసుకుని లోపలికి పంపుతున్నారు. మేము జలపాతానికి వెళ్ళలేదు. ఊళ్ళోనే ఆగి, అరుగు మీద కూర్చున్నవాళ్ళను పలకరించి, వచ్చిన పని చెప్పాం.

మజ్జిగ పోసిన ముసలమ్మ పోయి ఇరవై ఏళ్ళయిందట. మంచం మోసినవాళ్ళలో కొందరు లేరు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. చివరికి ఒక కుర్రాడు మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. చూపు ఆనదు. నేను నా పేరు చెప్పాను, గుర్తులేదు. మద్రాసు బ్యాంకువాళ్ళం, చాలా ఏళ్ళ క్రితం, అని మొదలుపెట్టానో లేదో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ అబ్బాయి కాలు బాగయిందా సామీ?" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఆయన దగ్గర అలాగే ఉండిపోయింది. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే తీరిపోయేది. నేను వెంటనే హైదరాబాదులో స్థిరపడిన మా మిత్రుడికి ఫోను చేసి, ఆ పెద్దాయన చెవి దగ్గర పెట్టాను. అటునుంచి మావాడు ఏమన్నాడో నాకు వినబడలేదు. పెద్దాయన మాత్రం, "నడస్తా ఉండావు గదా, అంతే చాలు" అని రెండుసార్లు అన్నాడు. మా ఆవిడ తెచ్చిన పంచెల చాపు, పండ్లు ఆయన ఒడిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టింది. బాకీ తీరిందని నేననను. వడ్డీలో కొంత కట్టినట్టు.

చివరగా మన కుటుంబాలకు ఒక మనవి. మన సంఘం ఏటా ఉగాదికీ, సంక్రాంతికీ కలుస్తుంది. ఏడాదికి ఒక్కసారి, చలికాలంలో, పిల్లలను తీసుకుని ఇలా ఒక పల్లె వైపు వెళ్దాం. అనుమతి ఉన్న దారిలోనే వెళ్దాం. గైడుకి ఇవ్వవలసింది బేరమాడకుండా ఇద్దాం. టీ నీళ్ళయినా ఆ ఊళ్ళోనే తాగుదాం. మన విస్తరాకులు, సీసాలు మన సంచిలోనే వెనక్కి తెచ్చుకుందాం. సెల్‌ఫోను పనిచెయ్యని చోట మనల్ని కాపాడేది మనుషులే.

బయల్దేరేముందు మాత్రం మర్చిపోకండి. ఊళ్ళో ఒక మాట చెప్పి పోండి. వచ్చాక కూడా, క్షేమంగా చేరామని ఇంకొక మాట.